రెండో గోలీ

2024 జనవరి 27, శనివారం రాత్రి. పాలకాయతిప్పలో మా అన్నయ్య ఇంటి అరుగు చివర కూర్చున్నాను. ఇంట్లో ఫోనుకి సిగ్నలు అందదు, వలలు ఆరేసే దండెం దగ్గరికొస్తే అందుతుంది. పౌర్ణమి వెళ్ళి రెండు రోజులే అయింది. వెన్నెల ఇంకా బలంగానే ఉంది, సముద్రపు హోరు కూడా. నా ఒళ్ళో ఫోను, నా భుజం మీద మా అన్నయ్య మనవరాలి గడ్డం.

మస్కట్‌లో ఫైనలు జరుగుతోంది. హాకీ ఫైవ్స్ అంటే జట్టుకు ఐదుగురే ఆడే హాకీ. దానికి ప్రపంచకప్ పెట్టడం అదే మొదటిసారి. మన అమ్మాయిలు సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించి వచ్చారు. ఎదురుగా నెదర్లాండ్స్. మన కెప్టెన్ ఎతిమరపు రజని, చిత్తూరు జిల్లా యనమలవారిపల్లెలో పుట్టిన గోల్‌కీపర్. ఈ ఐదుగురి ఆటలో గోలు ముందు గీసే ‘డీ’ ఉండదు. దూరం నుంచి కొట్టినా గోలే. గోలీకి ఊపిరి తీసుకునే సందు దొరకదు. అలాంటి ఆటకు గోలీనే నాయకురాలిగా పెట్టారు, ఆమె తెలుగమ్మాయి. ఆ సాయంత్రం నుంచి నాకు కాలు నిలవలేదు.

ఆట 7-2తో పోయింది. మనకు వెండి.

“అమ్మమ్మా, ఏడు తిన్నారేంటి? కెప్టెనే గోలీ అన్నావుగా?” అంది పిల్ల. దానికి పదకొండేళ్ళు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. నేను గోలీనయ్యింది కూడా ఏడు గోల్స్ వల్లే. అప్పుడు నాకూ పదకొండేళ్ళే.

*

కృష్ణమ్మ హంసలదీవి దాటి సముద్రంలో కలిసే చోటికి ఆనుకుని ఉంటుంది మా ఊరు. మాఘ పౌర్ణమికి సంగమ స్నానాలకని బళ్ళూ బస్సులూ కట్టుకుని జనం వస్తారు, వేణుగోపాలస్వామిని చూసుకుని వెళ్ళిపోతారు. మిగతా ఏడాదంతా మా వలలు, మా పడవలు, మడ అడవి, ఎండుచేపల వాసన. 1977 నవంబరు 19 రాత్రి నేను కోడూరులో మా మేనత్త ఇంట్లో ఉన్నాను కాబట్టి మిగిలాను. దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. మా అమ్మ, తమ్ముడు ఆ లెక్కలో ఉన్నారు. నాన్న తాడిచెట్టు కరుచుకుని బతికాడు. అన్నయ్య మూడోనాడు దొరికాడు. ఇంతకు మించి దాని గురించి రాయలేను.

రెండేళ్ళ తరవాత నాన్న నన్ను బందరు తీసుకెళ్ళి హాస్టల్లో చేర్చాడు. వెళ్ళేముందు వరకూ తిప్ప మీద మేం ఆడే ఆట ఒకటుండేది. తాటిమట్ట మొదలు వెడల్పుగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. అంచుల్లో కరుకు చెక్కేస్తే చేతికి వాటంగా కుదురుతుంది. వలబెండు మీద పాత వలదారం గట్టిగా చుట్టి ఉండ చేసేవాళ్ళం. పాటు తీసినప్పుడు తడి ఇసుక నేల గట్టిపడుతుంది కదా, అప్పుడు దాని మీద ఆ ఉండ జర్రున జారేది. ఆటకు పేరు లేదు, మట్టలాట అనేవాళ్ళం. హాకీ అనే మాట మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

బందరు హైస్కూల్లో మా డ్రిల్లు మాస్టారు మొదటిసారి నా చేతికి హాకీ కర్ర ఇచ్చి, నేను దాన్ని పట్టుకున్న తీరు చూసి ఆగిపోయారు.

“ఎవరే నీకు నేర్పింది?”

“ఎవరూ లేదు సార్. మట్టలతో ఆడేవాళ్ళం.”

ఆయన నా చేతుల్ని తిప్పి చూశారు. ఉప్పునీళ్ళలో వల లాగిన చేతులు అలాగే ఉంటాయి. ఇంకేమీ అడగలేదు.

1982 డిసెంబరు 1. ఢిల్లీ ఆసియా క్రీడల్లో మగవాళ్ళ హాకీ ఫైనలు, పాకిస్తాన్‌తో. మాస్టారు ట్రాన్సిస్టరు తెచ్చి మైదానం పక్క వేపచెట్టు కింద పెట్టారు. హిందీ మాకు సరిగ్గా అర్థం కాదు, ఆయన మొహం చూసి అర్థం చేసుకునేవాళ్ళం. గోలు పడినప్పుడల్లా కర్రతో మట్టిలో ఒక గీత గీశారు. ఆట అయ్యేసరికి మనవైపు ఒక గీత, అటువైపు ఏడు. ఆయన రేడియో కట్టేసి చాలాసేపు కూర్చున్నారు.

తరవాతి రోజుల్లో పేపర్లలో ఒకే ఒక పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి. అమ్ముడుపోయాడన్నారు, దేశద్రోహి అన్నారు. మాస్టారు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఏడు గోల్స్ పడ్డాయంటే బంతి ఏడుసార్లు పదిమందిని దాటుకుని వచ్చింది. పేపర్లో పదకొండోవాడి పేరు ఒక్కటే రాశారు, చూశారుగా.”

తరవాత ఇంకో సంగతి చెప్పారు. అవే క్రీడల్లో మన ఆడవాళ్ళు, ఎలీజా నెల్సన్ నాయకత్వంలో హాకీ బంగారు పతకం గెలిచారు. ఆ వార్త మేం చూసిన పేపర్లో ఎక్కడో మూల నాలుగు వరసల్లో ఉంది.

“మన జట్టుకి గోల్లో నిలబడేది ఎవరు?” అని అడిగారు. ఎవరూ కదల్లేదు. అందరికీ గోల్స్ కొట్టాలనే ఉంటుంది. నేను చెయ్యెత్తాను. అది ధైర్యం కాదు. ఆ పదకొండోవాడి పక్కన ఎవరో ఒకరు నిలబడాలనిపించింది.

*

గోలు పన్నెండడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. వెనక అడుగున్నర ఎత్తు చెక్క పలక ఉంటుంది. బంతి లోపలికి పోయిందంటే ఆ పలక టప్పుమంటుంది. ఆ చప్పుడు మైదానంలో అందరికంటే ముందు గోలీకే వినబడుతుంది, చూసేవాళ్ళు కేకలు వేసేలోపే. నలభై ఏళ్ళయినా తలుపు గట్టిగా పడితే నా మెడ వెనక వెంట్రుకలు లేస్తాయి.

మాకున్న ప్యాడ్లు క్యాన్వాసువి, లోపల దూది. మా పెద్దపిల్లలు వాడి వాడి దూది ఉండలు కట్టేసింది. వానలో తడిస్తే రాయిలా బరువెక్కేవి, రెండ్రోజులు ఎండబెడితేగాని ఆరేవి కావు. తలకి హెల్మెట్ లేదు, మొహానికి ఒక తీగెల తొడుగు ఉండేది. హాకీ బంతి నూట యాభై గ్రాముల పైచిలుకే, కానీ ఎండిన నేల మీద గులకరాయికి తగిలి లేచిందంటే ఎటొస్తుందో కొట్టినవాళ్ళకి కూడా తెలియదు. నా ఎడమ చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. మా హాస్టల్ ఆయా రోజూ రాత్రి ఉప్పు కాపడం పెడుతూ “ఆడపిల్లవి, మొహం జాగర్తమ్మా” అనేది.

మాస్టారు నేర్పింది ముఖ్యంగా ఒక్కటే. బంతిని చూడకు, కొట్టేవాళ్ళ ముందుకాలు చూడు. కాలు ఎటు పడితే బంతి ఇంచుమించు అటే. చిన్నప్పుడు పడవ ముందుభాగంలో కూర్చుని నాన్న అల ఎటు విరుగుతుందో ముందే చెప్పడం నేను చూశాను. ఆయన అలని చూసేవాడు కాదు, దాని వెనక నీటి రంగు చూసేవాడు. ఈ రెండూ ఒకటేనని నాకు వెంటనే పట్టుబడింది.

జిల్లా ఆడాను, రాష్ట్రస్థాయి శిబిరానికి ఒకసారి వెళ్ళాను. డిగ్రీలో విశ్వవిద్యాలయం జట్టుకి ఎంపికయ్యాను. అక్కడే నేను రెండో గోలీనయ్యాను.

రెండో గోలీ అంటే ఏమిటో చూసేవాళ్ళకి తెలియదు. ఫార్వర్డు ఆటగాళ్ళని మారుస్తూనే ఉంటారు, బెంచి మీద కూర్చున్నవాళ్ళకి కూడా కాసేపట్లో లోపలికి పోతాననే ఆశ ఉంటుంది. గోలీని ఊరికే మార్చరు. మొదటి గోలీ బాగున్నంతకాలం రెండో గోలీకి ఆట లేదు. ఆమెకు దెబ్బ తగలాలని కోరుకునేంత పాపిష్టిది కాదు మనసు, తగలకూడదని దండం పెట్టుకునేంత పెద్దదీ కాదు. రెండిటికీ మధ్య ఎక్కడో కూర్చుంటాం.

పని మాత్రం ఆమెతో సమానంగా ఉంటుంది. తెల్లవారి అందరికంటే ముందు మైదానానికి పోయి ఆమెకు బంతులు కొట్టాలి. యాభై కుడికి, యాభై ఎడమకి, తరవాత చూడకుండా ఎటు పడితే అటు. ఆమె ప్యాడ్ల పటకాలు బిగించాలి. ఆట జరుగుతుంటే గోలు వెనక కూర్చుని అవతలి జట్టు పెనాల్టీ కార్నర్లు కంటితో రాసుకోవాలి. ‘వాళ్ళ నాలుగో నంబరు ఎడమ కాలు లోపలికి వేస్తే మన కుడి మూలకి’, ‘తొమ్మిదో నంబరు కొట్టేముందు ఒకసారి మోచెయ్యి సర్దుకుంటుంది’, ఇలాంటివి. విరామంలో అవన్నీ ఆమె చెవిలో వెయ్యాలి. ఆమె ఒక గోలు ఆపితే అందులో మన మాట ఎంత ఉందో మన ఇద్దరికే తెలుస్తుంది. మా మొదటి గోలీ మంచి మనిషి. ఆపిన ప్రతిసారీ వెనక్కి తిరిగి నావైపు ఒక చూపు చూసేది. ఆ చూపుతోనే నేను మూడు పోటీలు గడిపాను.

1991లో ఒక అంతర విశ్వవిద్యాలయ పోటీలో ఆమె మోకాలికి బంతి తగిలింది. ఆట ఇంకా ఆరు నిమిషాలుంది. నన్ను పొమ్మన్నారు. గోల్లోకి పోయి వెనక పలకని మడమతో ఒకసారి తన్నాను, ఎక్కడుందో తెలియడానికి. రెండో నిమిషంలో పెనాల్టీ కార్నర్. నాలుగో నంబరు ఎడమ కాలు లోపలికి పడింది. కుడివైపు కాలు చాపాను, పాదానికి కట్టిన కిక్కర్‌కి తగిలి బంతి బయటికి పోయింది. ఐదో నిమిషంలో ఒక బంతి ఎవరి కర్రకో తగిలి దిశ మారింది. పలక టప్పుమంది. నా జీవితంలో ఆ స్థాయిలో నేను ఆడిన ఆట మొత్తం ఇంతే. ఒకటి ఆపాను, ఒకటి వదిలాను.

ఆటలు ముగిసి ఇంటికొచ్చాక సర్టిఫికెట్లు పంచారు. ఆడినవారి జాబితాలో నా పేరు లేదు. ఆరు నిమిషాలు ఎవరో రాయడం మరిచిపోయారు. ఆ కాగితం ఉంటే ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో నాకు మార్కులు కలిసేవి. నాలుగుసార్లు తిరిగాను, ఎవరూ సరిదిద్దలేదు. తరవాత వ్యాయామవిద్యలో శిక్షణ పూర్తిచేసి, జిల్లా పరిషత్ బడిలో ఉద్యోగం వచ్చాక ఆ సంగతి వదిలేశాను. వదిలేశాను అని రాస్తున్నాను గానీ, రాస్తుంటేనే చెయ్యి బిగుసుకుంటోంది.

*

హాకీ చూడటం మాత్రం ఎప్పుడూ మానలేదు. సికింద్రాబాద్ ముఖేష్ కుమార్ బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ మూడు ఒలింపిక్స్ ఆడాడు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకు 32 ఏళ్ళ తరవాత బంగారం వచ్చినప్పుడు జట్టులో ఉన్నాడు. మన రాష్ట్రంవాడని ఆయన బొమ్మ స్టాఫ్ రూములో అతికించాను. సిడ్నీలో పోలండ్ మీద గెలిస్తే సెమీస్‌కి పోయేవాళ్ళం. ఒక గోలు ముందున్నాం, ఇంకో రెండు నిమిషాలు కూడా లేవు, వాళ్ళు సమం చేశారు. ఆ రోజు బళ్ళో నాతో ఎవరూ మాట్లాడలేదు, నా మొహం అలా ఉందట.

2003 అక్టోబరు చివర్లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగాయి. నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని బందరులో రైలెక్కాను. పులిహోర, పెరుగన్నం కట్టుకుపోయాం. పిల్లలు అప్పటిదాకా ఆస్ట్రోటర్ఫ్ చూడలేదు. ఆటకు ముందు దాని మీద గొట్టాలతో నీళ్ళు చల్లుతుంటే, “మేడమ్, దీనికి కూడా తడి పెడతారా?” అని ఒకమ్మాయి అడిగింది. దానిది పొలం పనికి పోయే ఇల్లు. ఎందుకు తడుపుతారో చెప్పాను. తడి ఉంటే బంతి ఎగరకుండా సాఫీగా పోతుంది, పడినవాళ్ళ ఒళ్ళు కాలదు. నేను చెబుతున్నానే గాని నా కళ్ళ ముందు పాటు తీసిన మా ఊరి తడి ఇసుకే ఉంది.

ఆడవాళ్ళ ఫైనలు టై బ్రేకర్‌కి వచ్చింది. అప్పట్లో టై బ్రేకరంటే పెనాల్టీ స్ట్రోకులు. ఏడు గజాల దూరం, ఎదురుగా ఒకే మనిషి, బంతి కదిలేదాకా గోలీ పాదం కదపకూడదు. మన గోల్లో హెలెన్ మేరీ. ఆమె మొహం తొడుగు వెనక ఉంది, కనబడదు. కనబడేది మోకాళ్ళే. వాటిలో వణుకు లేదు. నేను పిల్లల్ని “ముందుకాలు చూడండే, కాలు చూడండి” అంటూ వాళ్ళ భుజాలు పిండేశాను. రెండు స్ట్రోకులు ఆపింది హెలెన్ మేరీ. మనకు బంగారం. మైదానంలో అందరూ ఆమె మీద పడిపోయారు. నేను మాత్రం మన బెంచి వైపు చూస్తున్నాను. అక్కడ ఇంకో గోలీ ఉంటుంది కదా, ఆమె ఏం చేస్తోందో చూద్దామని. అంత జనంలో ఎవరు ఎవరో తెలియలేదు.

తిరుగు రైల్లో నలుగురిలో ఇద్దరు గోలీ అవుతామన్నారు. ఆ మాట మీద వాళ్ళ మధ్య పోట్లాట కూడా అయింది.

2007లో ‘చక్ దే! ఇండియా’ వచ్చింది. అందులోని కోచ్ పాత్ర వెనక నేగి కథ ఉందని అందరూ చెప్పుకున్నారు. నేగి నిజంగానే మన ఆడవాళ్ళ గోలీలకు శిక్షణ ఇచ్చాడు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం తెచ్చిన జట్టుతో ఆయన ఉన్నాడు. ఆ సినిమా చూసి బయటికొచ్చాక మా మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికే ఆయనకు వినికిడి తగ్గింది. “ఎవరూ? పదకొండోవాడా?” అన్నారు. నన్ను ఆయన అలాగే పిలిచేవారు.

*

ఎతిమరపు రజని భారత జట్టులోకి వచ్చింది 2009లో. 1990లో పుట్టిన పిల్ల. నేనామెను ఎన్నడూ కలవలేదు. టీవీలో, తరవాత ఫోనులో, పేపర్లో చూసిందే. కానీ ఆమె ఉద్యోగం నాకు తెలుసు. ఆమెకు ముందు హర్యానా అమ్మాయి సవితా పునియా ఉంది. మన దేశం ఆడవాళ్ళ హాకీలో అంత గొప్ప గోలీ మరొకరు రాలేదంటే నేను ఒప్పుకుంటాను. అలాంటి మనిషి మొదటి స్థానంలో ఉంటే రెండోది ఎన్నేళ్ళు ఎదురుచూడాలి? పదిహేనేళ్ళు చూసింది రజని.

2016లో మన ఆడవాళ్ళు మళ్ళీ ఒలింపిక్స్‌కి పోయారు. ఆడవాళ్ళ హాకీ ఒలింపిక్స్‌లో చేరిన 1980 మాస్కో తరవాత అదే, 36 ఏళ్ళకి. జులైలో రియో జాబితా వచ్చింది. పదహారు పేర్లు. మిగతా పోటీల్లాగా ఇద్దరు గోలీలు లేరు అందులో, పదహారులో ఒక్కరే. సవిత. కింద స్టాండ్‌బై అని రెండు పేర్లు. అందులో ఒకటి రజని.

పేపరు మడిచి పెట్టలేకపోయాను. అదే నెలలో ఇంకో ఫోను వచ్చింది. హైదరాబాద్ రైల్లో గోలీ అవుతానని పోట్లాడిన ఇద్దరిలో ఒకామె ఇప్పుడు బందరు పక్క ఒక బళ్ళో వ్యాయామ టీచరు. ఆమె శిష్యురాలికి జిల్లా జట్టులో రెండో గోలీ స్థానం ఇచ్చారట. ఆ పిల్ల ఏడుస్తోందట, పోనంటోందట. “మీరొకసారి మాట్లాడండి మేడమ్” అని ఫోను పిల్లకి ఇచ్చింది.

“ఆట మొదలయ్యేటప్పుడు ప్యాడ్లు విప్పి కూర్చుంటావా, కట్టుకుని కూర్చుంటావా?” అని అడిగాను.

“విప్పే ఉంటాను మేడమ్. ఎలాగూ నన్ను దింపరుగా.”

“కట్టుకుని కూర్చో. పటకాలు బిగించుకుని. చెమట పోసినా సరే.”

ఎందుకని అడగలేదా పిల్ల. పోయింది. ఆ పోటీలో ఆమెను దింపలేదు. మరుసటి ఏడు మొదటి గోలీ అయింది.

ఆ తరవాత ఏళ్ళలో రజని పేరు జాబితాల్లో రెండో గోలీగా వస్తూనే ఉంది. 2017లో జపాన్‌లో ఆసియాకప్ ఫైనలు చైనాతో షూటౌట్‌లో 5-4తో గెలిచారు. సవిత గోల్లో, రజని జట్టులో. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్‌లో నాలుగో స్థానం, లండన్ ప్రపంచకప్‌లో క్వార్టర్‌ఫైనలు ఐర్లాండ్ చేతిలో షూటౌట్‌లో పోయింది, జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ చేతిలో 1-2తో ఓడి వెండి. మూడింటిలోనూ జట్టులో ఆమె ఉంది. ఇప్పటి షూటౌట్ పాత స్ట్రోకుల్లాంటిది కాదు. ఎదుటి ఆటగత్తె 23 మీటర్ల గీత నుంచి బంతి తీసుకుని వస్తుంది, ఎనిమిది సెకన్లలో గోలు కొట్టాలి. గోలీ ముందుకు పోవచ్చు, పడుకోవచ్చు, తరమవచ్చు. దానికి సవిత ఎంత సాధన చేసిందో అందరూ రాశారు. ఆ సాధనలో ఆమె మీదికి బంతులు ఎవరు తీసుకొచ్చి ఉంటారు, పక్క గోల్లో నిలబడి అవే బంతులు ఎవరు ఆపి ఉంటారు? నేను చూడలేదు. కానీ గోలీల శిబిరం ఎలా నడుస్తుందో నాకు తెలుసు కాబట్టి అనుమానం లేకుండా చెబుతున్నాను.

టోక్యోకి కూడా రజని రెండో గోలీనే. 2021 ఆగస్టు 2 ఉదయం. కరోనా వల్ల బళ్ళు ఇంకా తెరవలేదు. మా ఇంట్లో టీవీ ముందు నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆస్ట్రేలియాతో క్వార్టర్‌ఫైనలు. 22వ నిమిషంలో గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్ కొట్టింది, అదొక్కటే గోలు. మిగతా ఆటంతా సవితదే. ఆస్ట్రేలియా వాళ్ళు తోసుకొస్తూనే ఉన్నారు, ఆమె ఆపుతూనే ఉంది. చివరి విజిల్ వేసేసరికి నేను కుర్చీలో లేను, నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాను. ఎప్పుడు దిగానో తెలియదు. ఒలింపిక్స్‌లో మన ఆడవాళ్ళు సెమీఫైనలు చేరడం అదే మొదటిసారి. తరవాత అర్జెంటీనా చేతిలో 1-2, కంచు పతకం ఆటలో బ్రిటన్ చేతిలో 3-4. కన్నీళ్ళు పెట్టుకున్న ఆ పిల్లల్ని దేశమంతా చూసింది.

అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం రజనిని పిలిచి సన్మానించి 25 లక్షల రూపాయలు ఇచ్చింది. పేపర్లో వచ్చిన ఆ ఫొటో కత్తిరించి దాచాను. కొందరు నాతో అన్నారు, “ఆమె అక్కడ ఆడలేదు కదండీ” అని. వాళ్ళతో వాదించాను. గొంతు పెంచే వాదించాను. ఆడటం అంటే మీ లెక్కలో ఏమిటని అడిగాను. ఆ మాట అన్నవాళ్ళలో ఒకరు నాకు దగ్గరి చుట్టం, ఇప్పటికీ కాస్త ముభావంగానే ఉంటారు. ఆ విషయంలో నేను తగ్గను.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో న్యూజిలాండ్ మీద షూటౌట్‌లో గెలిచి కంచు పతకం తెచ్చారు. సవితే కెప్టెన్, సవితే గోల్లో. పతకం జట్టులో అందరికీ వేస్తారు. రజని మెడలో కూడా పడింది. పదహారేళ్ళకు ఆ క్రీడల్లో మన ఆడవాళ్ళ హాకీకి వచ్చిన పతకం అది.

ఏడాదిన్నర తరవాత మస్కట్. ముప్ఫై మూడేళ్ళ వయసులో, ఒలింపిక్స్ రెండుసార్లు గీత ఇవతలే ఉండి చూసిన తరవాత, కెప్టెన్ పట్టీ.

*

ఇదంతా ఆ రాత్రి పిల్లకు చెప్పలేదు. “ఏడు గోల్స్ పడ్డాయంటే ముందు నలుగుర్ని దాటుకుని వచ్చాయి” అని మాత్రం అన్నాను. అది కాసేపు ఆలోచించి, “అయితే ఆ నలుగుర్నీ తిట్టాలా?” అంది. ఎవర్నీ తిట్టక్కర్లేదన్నాను. నిద్రొచ్చి లోపలికి పోయింది. నేను పతకాలు వేసేదాకా కూర్చుందామనుకున్నాను. ఈలోగా సిగ్నలు పోయింది.

మర్నాడు ఆదివారం సాయంత్రం నాలుగింటికి పాటు బాగా తీసింది. తిప్ప అవతల నేల తడిగా, గట్టిగా, అద్దంలా పరుచుకుంది. మా మేనల్లుడు పడవ తెడ్లు రెండు పాతి గోలు చేసిచ్చాడు. నాలుగు అడుగులు ఎక్కువే పెట్టాడు, కొలిచి సరిచేయించాను. ఇప్పుడు ఊళ్ళో తాటిమట్ట కొట్టిచ్చేవాళ్ళు తక్కువ, అన్నయ్యే ఒకటి చెక్కిచ్చాడు. ఉండ నేను చుట్టాను, ఇప్పటి నైలాన్ దారంతో. అది మా చిన్నప్పటి నూలు ఉండ కంటే జోరుగా జారుతుంది.

“నేను గోలీని కాను అమ్మమ్మా. నేను కొడతాను” అంది ముందే.

“సరే. ఎవరు నిలబడతారు మరి?”

అది అటూ ఇటూ చూసింది. పీతల కోసం తిరుగుతున్న ఇద్దరు మగపిల్లలు తప్ప ఎవరూ లేరు. వాళ్ళు రామన్నారు. నేను చీర కుచ్చెళ్ళు దోపుకుని తెడ్ల మధ్యకి పోయాను. మోకాళ్ళు రెండూ నొప్పి. మడమతో వెనక తన్నబోయాను, అక్కడ పలక లేదుగా, కాలు ఇసుకలో దిగింది.

పిల్ల పది అడుగులు వెనక్కి నడిచి ఉండ పెట్టుకుంది. నా మొహంకేసి చూస్తోంది. నేను దాని ముందుకాలు చూస్తున్నాను.

ఎడమ కాలు లోపలికి పడింది. కుడివైపు వంగాను. ఉండ ఎడమ నుంచి పోయింది. పలక లేదు కాబట్టి చప్పుడు లేదు, నీళ్ళదాకా దొర్లుకుంటూ పోయి ఆగింది. అది చప్పట్లు కొట్టుకుంటూ ఎగిరింది.

“కాలు అటేసి ఇటు కొట్టావే!” అన్నాను.

“నువ్వు నా కాలే చూస్తున్నావని కనిపెట్టాను” అంది.

ఉండ తెచ్చుకోమన్నాను, మళ్ళీ కొట్టమన్నాను. చీకటి పడి అన్నయ్య కేకేసేదాకా అక్కడే ఉన్నాం.